సమంగా పడాల్సిన కుట్లు: ఒక తెర సర్దుబాటు డైరీ

ఏప్రిల్ 6, 2025, ఆదివారం

శ్రీరామ నవమి. పందిట్లో కల్యాణం చూసి, పానకం తాగి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. తమ్ముడు అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకు లేచి, కళ్లు మూసుకుని మంచం మీద వాలిపోయాడు. "అక్కా, తల తిరుగుతోంది" అన్నాడు. ఇలా జరగడం ఈ వారంలో మూడోసారి.

ఆరు నెలలు దాచిన డబ్బుతో విశాఖ నుంచి తెప్పించిన గ్రాఫిక్స్ కార్డు (ఆట బొమ్మలు గీసేది), తెర ఇవి. ఆట పేరు సైబర్‌పంక్ 2077. తెర మూలన సెకనుకు 118 ఫ్రేములని, అంటే 118 బొమ్మలని, కనిపిస్తోంది. అయినా కెమెరా పక్కకు తిరిగినప్పుడు దృశ్యం నీళ్ల మీద పడవలా జారడం లేదు, గతుకుల రోడ్డు మీద బండిలా వెళ్తోంది. నేను కూర్చుని చూసినా అదే. ఈ తడబాటు ఎక్కడ పుడుతోందో పట్టుకుని తీసేయాలి. పగలు ట్యూషన్లుంటాయి కాబట్టి పని రాత్రుల్లోనే. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసుకుంటాను.

మా దగ్గర ఉన్నవి: రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 27 అంగుళాల వీఏ రకం తెర. తెర స్పష్టత 2560 × 1440, గరిష్ఠ వేగం 144 హెర్ట్జ్. పెట్టె మీద ఫ్రీసింక్ అని, మారే వేగం 48 నుంచి 144 వరకు అని ఉంది.

పేర్ల విషయం ముందే తేల్చుకుంటాను. కార్డు నిజంగా గీసిన ఫ్రేమును "అసలు ఫ్రేము" అంటాను. రెండు అసలు ఫ్రేముల మధ్య కార్డు ఊహించి చేర్చేదాన్ని "నడిమి ఫ్రేము" అంటాను. ఆ 118లో రెండూ కలిసే ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు మా పర్లాకిమిడి. జనం నోట్లో ఉన్న తెలుగులోనే చదువు సాగాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఈ ఊళ్లో కూర్చుని ఇంత చిన్న సంగతిని తెలుగులో చెప్పలేకపోతే నాకు నచ్చదు.

ఏప్రిల్ 7, సోమవారం

మొదట కొలత. ప్రెజెంట్‌మాన్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ప్రతి ఫ్రేము సమయాన్నీ మిల్లీసెకన్లలో పట్టికగా రాసిపెడుతుంది. అందులో రెండు గడులు నాకు ముఖ్యం. ఒకటి ఆట ఫ్రేమును అప్పగించిన సమయాల మధ్య దూరం, రెండోది ఆ ఫ్రేము తెర మీద మారిన సమయాల మధ్య దూరం. ఆటలోనే ఉన్న పరీక్ష దృశ్యాన్ని నడిపించి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

మొదటి గడిలో అంకెలు 8.5 చుట్టూనే తిరుగుతున్నాయి. సెకనుకు 118 ఫ్రేములంటే ఒక్కోదానికి 8.47 మిల్లీసెకన్లు, కాబట్టి లెక్క సరిపోయింది. రెండో గడిలో మాత్రం 8.5 అన్నది దాదాపు లేదు. అన్నీ 6.9 లేదా 13.9.

కారణం కాగితం మీద వేసుకుంటే తేలిపోయింది. తెర సెకనుకు సరిగ్గా 144 సార్లు, అంటే ప్రతి 6.94 మిల్లీసెకన్లకు ఒకసారి గీసుకుంటుంది. మనం ఇచ్చేది 118 ఫ్రేములే. మిగిలిన 26 గీతలకు కొత్త బొమ్మ లేదు, కాబట్టి పాత బొమ్మే మళ్లీ వస్తుంది. ప్రతి సెకనులో 92 ఫ్రేములు ఒక గీత సేపు నిలుస్తాయి, 26 ఫ్రేములు రెండు గీతల సేపు నిలుస్తాయి. సగటు బాగానే ఉంటుంది. కంటికి అందేది సగటు కాదు.

అమ్మ అదే గదిలో జాకెట్లు కుడుతుంది. మిషను ఆపి నా భుజం మీదుగా తెర చూసింది. కెమెరా ఒక వీధి వెంట మెల్లగా తిరుగుతోంది. "గుడ్డ జరగకముందే సూది దిగినట్టుందమ్మా. ఒకచోట కుట్టు మీద కుట్టు పడుతోంది, ఇంకోచోట సరిగ్గా ఉంది" అంది. నా పట్టికలో రెండు వేల వరుసలున్నాయి. అవన్నీ చెబుతున్నది ఆ ఒక్క మాటే.

అందుకు విరుగుడు కూడా అమ్మ మిషనులోనే ఉంది. అక్కడ సూది తన ఇష్టానికి దిగదు, గుడ్డ జరిగాకే దిగుతుంది. తెర కూడా అలాగే ఫ్రేము సిద్ధమయ్యాకే గీసుకోవాలి. మారే రిఫ్రెష్ రేటు అంటే అదే. పెట్టె మీద ఉన్న ఆ గుణం నా తెరలో పనిచేయడం లేదని ఈ రాత్రి రుజువైంది.

ఏప్రిల్ 8, మంగళవారం

తెర సొంత మెనూలోకి వెళ్లాను. మారే రిఫ్రెష్‌కు అక్కడున్న పేరు అడాప్టివ్ సింక్. అది ఆపేసి ఉంది, ఆన్ చేశాను. అయినా ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీ-సింక్ (అదే గుణానికి ఎన్విడియా పెట్టిన పేరు) వరుసే కనిపించలేదు.

"ఫ్రీసింక్ ఏఎండీ వాళ్లది కదా, మనది ఎన్విడియా కార్డు. తప్పు తెర కొన్నామేమో" అన్నాడు తమ్ముడు, నెమ్మదిగా. ఆ డబ్బులో వాడి స్కాలర్‌షిప్ కూడా ఉంది, కాబట్టి వాడి భయం నాకు అర్థమైంది. వాడికి వరుసగా చెప్పాను. 2013లో ఎన్విడియా జీ-సింక్ తెచ్చినప్పుడు తెర లోపల వాళ్ల ప్రత్యేక సర్క్యూటు ఉండాల్సిందే. 2014లో తెరల ప్రమాణాలు ఖరారు చేసే వెసా (VESA) సంస్థ అడాప్టివ్ సింక్‌ను డిస్‌ప్లేపోర్టు 1.2ఏ ప్రమాణంలో చేర్చింది. ఏఎండీ ఫ్రీసింక్ 2015లో దాని మీదే నిలబడి వచ్చింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా ఆ ప్రమాణాన్ని ఒప్పుకుని, అలాంటి తెరల మీద జీ-సింక్‌ను తెరిచింది. మనం కొన్నది తప్పు తెర కాదు.

తప్పు తీగలో ఉంది. నేను పెట్టింది హెచ్‌డీఎంఐ తీగ. ఈ తెరలో ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0. ఎన్విడియా కార్డు మారే రిఫ్రెష్‌ను డిస్‌ప్లేపోర్టు ద్వారా ఇస్తుంది. హెచ్‌డీఎంఐ ద్వారా కావాలంటే తెరలో 2.1 ప్రమాణంలోని వీఆర్ఆర్, అంటే మారే రిఫ్రెష్, ఉండాలి. ఏఎండీ కార్డయితే పాత హెచ్‌డీఎంఐ మీద కూడా ఫ్రీసింక్ నడిచేది. అందుకే ఎవరైనా "నాకు పనిచేసింది" అంటే, ఏ కార్డుతో, ఏ తీగతో అని అడగకుండా నమ్మకూడదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఊళ్లో ఒక దుకాణంలో దొరికిన డిస్‌ప్లేపోర్టు తీగ తెచ్చాను. మూడు మీటర్లు. పెట్టగానే జీ-సింక్ వరుస కనిపించింది, పది నిమిషాలకు తెర నల్లబడి తిరిగి వచ్చింది. మళ్లీ పది నిమిషాలకు అదే. 144 నుంచి 120కి తగ్గిస్తే ఆగింది. ఎక్కువ వేగంలో సంకేతం నిలబడటం లేదన్నమాట.

సాయంత్రం ఆటో ఎక్కి పాతపట్నం వెళ్లాను. 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు, పాతపట్నం అటు అయ్యాయి. బజారుకు మాత్రం ఆ గీత ఎప్పుడూ అడ్డం రాలేదు. అక్కడ మీటరున్నర పొడవుది దొరికింది. రాత్రి రెండు గంటలు ఆడించినా తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు. తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ముందే తెలిసి ఉంటే ఒక రోజు మిగిలేది.

ఈ రాత్రి పెట్టినవి. విండోస్‌లో రిఫ్రెష్ 144. తీగ మార్చినప్పుడు అది 60కి పడిపోయి ఉంది, మళ్లీ చూసుకోవాలి. జీ-సింక్‌ను నిండు తెరకూ, కిటికీలో నడిచే ఆటలకూ రెండింటికీ పెట్టాను. ఎన్విడియా పరీక్షించి ధ్రువీకరించిన జాబితాలో మా తెర లేదు, కాబట్టి "ఈ తెరకు కూడా వర్తింపజేయి" అనే గడిలో టిక్కు తప్పనిసరి. విండోస్ గ్రాఫిక్స్ అమరికల్లో హార్డ్‌వేర్ జీపీయూ షెడ్యూలింగ్ ఆన్ చేసి ఉండాలి. అది లేకపోతే డీఎల్ఎస్ఎస్ (ఎన్విడియా పద్ధతి) నడిమి ఫ్రేములు ఆటలో ఎంచుకోవడానికే రావు.

తెర మెనూలోనే ప్రస్తుత రిఫ్రెష్‌ను చూపే సంఖ్య ఒకటి ఉంది. ఇన్నాళ్లూ 144 దగ్గర రాయిలా ఉండేది. ఇప్పుడు 112, 121, 117 అంటూ కదులుతోంది. తమ్ముణ్ణి నిద్ర లేపి మరీ చూపించాను.

ఏప్రిల్ 10, గురువారం

కొత్త కొలత: తెర మీద మారిన సమయాల గడిలో 13.9 కనిపించడం ఆగింది. చాలావరకు 8 నుంచి 9 మధ్య. కుట్టు మీద కుట్టు పడటం పోయింది.

రెండు కొత్త ఇబ్బందులు కనిపించాయి. ఇళ్ల లోపలి దృశ్యాల్లో కార్డుకు పని తేలికై, ఫ్రేములు 144 దాటుతున్నాయి. ఆ క్షణం తెర తన పరిధిని దాటి మళ్లీ పాత తెర అవుతుంది, బొమ్మ అడ్డంగా చిరుగుతుంది. చీకటి వీధుల్లో మాత్రం మరో రకం: తెర మొత్తం సన్నగా మిణుకుమంటోంది. కరెంటు తగ్గినప్పుడు బల్బు వణికినట్టుంది. సాయంత్రం ఈదురుగాలి కూడా ఉంది కాబట్టి కరెంటేనేమో అనుకుని యూపీఎస్ మీదకు మార్చాను. అయినా వణుకు పోలేదు. అంటే కరెంటు కాదు.

ఏప్రిల్ 12, శనివారం

చిరుగుకు మందు దొరికింది. ఫ్రేమును తెర గీసుకునే వేళ వరకు ఆపి ఉంచే వీ-సింక్‌ను ఆటలో ఆపాలి, డ్రైవర్‌లో (కార్డును నడిపే ప్రోగ్రాంలో) మాత్రం ఆన్ పెట్టాలి. వీ-సింక్ అనగానే మౌసు బరువెక్కుతుందని, అంటే చేతి కదలిక తెర మీద ఆలస్యంగా కనిపిస్తుందని, చాలామంది దూరం పెడతారు. జీ-సింక్ పరిధి లోపల ఉన్నంతవరకు అది కాపలాదారు మాత్రమే, బొమ్మ చిరగకుండా చూస్తుంది. బరువు పెరిగేది ఫ్రేములు పైకప్పును, అంటే 144ను తాకి వరుసలో నిలబడినప్పుడే.

ఆ పైకప్పును తాకకుండా ఎవరు ఆపుతారు? నడిమి ఫ్రేములు పెట్టగానే, ఆలస్యం తగ్గించే ఎన్విడియా గుణం రిఫ్లెక్స్ దానంతట అదే ఆన్ అవుతుంది. రిఫ్లెక్స్, జీ-సింక్, డ్రైవర్ వీ-సింక్ మూడూ కలిసి ఉంటే ఫ్రేములు 144కు కొంచెం దిగువన ఆగుతాయి. మా తెరలో 138 దగ్గర ఆగాయి. తెర వేగాన్ని దానితోనే గుణించి 3600తో భాగించి, వచ్చినదాన్ని తెర వేగంలోంచి తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. 120 తెరకు 116, 165 తెరకు 157.

నేను డ్రైవర్‌లో 141 అని సొంతంగా ఒక పరిమితి పెట్టి ఉన్నాను, గరిష్ఠ వేగానికి మూడు తక్కువ ఉంచాలన్న పాత సూత్రం ప్రకారం. 138 దగ్గరే ఆగేటప్పుడు 141 వరకు వెళ్లేది లేదు. తీసేశాను. ఎద్దుకు ఒక్క ముకుతాడు చాలు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇవాళంతా మిణుకు మీదే. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది ఇదే.

వీఏ తెరల్లో, ఓఎల్ఈడీల్లో కూడా, వెలుగునీడల సర్దుబాటు రిఫ్రెష్ వేగాన్ని బట్టి కొద్దిగా మారుతుంది. 140 దగ్గర ఒక ముదురు బూడిద రంగు, 80 దగ్గర అదే రంగు రవ్వంత వేరుగా ఉంటుంది. వేగం నిలకడగా ఉంటే ఆ తేడా మనకు తెలియదు. 130 నుంచి 80కి, మళ్లీ 130కి క్షణాల్లో ఊగితే ఆ తేడాయే మిణుకు అవుతుంది. చీకటి దృశ్యంలో ఎక్కువ కనిపించేది కూడా అందుకే. వేగం 48 కంటే కిందికి పడితే తెర ఒకే బొమ్మను రెండుసార్లు చూపి నెట్టుకొస్తుంది, 45 ఫ్రేములను 90గా చూపుతుంది. 50 నుంచి ఒక్క అడుగు కిందికి వేస్తే 90కి ఎగరడమన్నమాట. ఆ గడప దగ్గర మిణుకు మరీ ఎక్కువ.

తెర పరిధి అంకెలను తిరగరాసే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. 48ని పైకి జరిపి కొందరు ఉపశమనం పొందుతారు. ఆ దారి వద్దనుకున్నాను. ఊగేది ఫ్రేములైతే గడప జరిపి లాభం లేదు, ఊగడమే ఆపాలి.

ఎందుకు ఊగుతున్నాయో పట్టిక చూపించింది. అరక్షణం పాటు అసలు ఫ్రేము 30, 40 మిల్లీసెకన్లు పడుతున్న చోట్లు ఉన్నాయి. ఆ చోట్లలో కార్డు మెమరీ 8 జీబీ అంచున ఉంది. నడిమి ఫ్రేముల పనికి కూడా మెమరీ కావాలి, ఇది చాలామంది లెక్కలో వేసుకోరు. ఆటలో బొమ్మల నాణ్యత హై నుంచి మీడియంకు తగ్గించాను. నేల మీద, గాజు మీద ప్రతిబింబాలను, పొగమంచు వివరాన్ని తగ్గించాను. ఈ రెండూ కార్డును పిండేస్తాయి, తగ్గించినా ఆడేటప్పుడు కళ్లు పట్టవు. వీధిలో జనం సంఖ్యను మీడియం చేశాను, అది ప్రాసెసర్ భారం.

నడిమి ఫ్రేములు ఆపి కొలిస్తే మొదట్లో 74 వచ్చేవి, ఇప్పుడు 96. ఇక్కడే ఒక అపోహ తీరాలి. 74ను రెట్టిస్తే 148 రావాలి కదా, మొదటి రోజు 118 మాత్రమే ఎందుకు కనిపించింది? నడిమి ఫ్రేమును తయారుచేయడానికి కూడా కార్డు సమయం ఖర్చవుతుంది, ఆ ఖర్చు అసలు ఫ్రేముల నుంచే తీసుకుంటుంది. అసలువి 59కి పడిపోయి, రెట్టిస్తే 118 అయ్యాయి. ఇప్పుడు 96 చేతిలో ఉంది కాబట్టి ఖర్చు పోయినా మిగులు ఉంటుంది. ఫ్రేములు 138ని తాకి అక్కడే నిలుస్తున్నాయి, అసలువి 69. రద్దీ వీధుల్లో 120 దాకా దిగి మళ్లీ ఎక్కుతున్నాయి.

చీకటి సందులో పది నిమిషాలు నిలబడి చూశాను. మిణుకు లేదు.

ఏప్రిల్ 14, సోమవారం

ఒడియా వాళ్ల కొత్త సంవత్సరం, పణా సంక్రాంతి. పక్కింటి వాళ్లు బేలపండు గుజ్జుతో చేసిన పణా పంపించారు. ట్యూషన్లకు సెలవు.

నిన్న వచ్చిన సంతోషంలో ఒక ప్రయోగం చేశాను: రే ట్రేసింగ్ (వెలుగు దారులను లెక్కగట్టి గీసే బరువైన పద్ధతి) మొత్తం పెంచి, అసలు ఫ్రేములను 38కి దింపి, నడిమి ఫ్రేములతో 76 చేశాను. సంఖ్య చూస్తే ఫర్వాలేదు, పట్టిక కూడా సమంగానే ఉంది. చేతిలో మాత్రం మౌసు బురదలో నడిచినట్టుంది.

నడిమి ఫ్రేమును గీయాలంటే దాని తర్వాతి అసలు ఫ్రేము ముందే సిద్ధంగా ఉండాలి. అందుకే కార్డు ఆ అసలు ఫ్రేమును చూపకుండా కాసేపు పట్టి ఉంచుతుంది. అసలు వేగం 69 అయితే ఒక్కో ఫ్రేము 14 మిల్లీసెకన్లు, 38 అయితే 26. ఆలస్యం ఆ కొలతతోనే పెరుగుతుంది. ఎన్విడియా గణాంకాల పట్టీలో ఆలస్యం 138 దగ్గర 37 మిల్లీసెకన్లు, 76 దగ్గర 70 దాటింది.

ఇంకో నష్టం కూడా గమనించాను. నడిమి ఫ్రేములో తప్పులుంటాయి: జుట్టు అంచుల్లో చెదురు, తెర మీది అక్షరాల చుట్టూ నీడ. 138 దగ్గర ఆ తప్పు 7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 76 దగ్గర 13. పైగా 38 దగ్గర రెండు అసలు ఫ్రేముల మధ్య దృశ్యం ఎక్కువ దూరం జరుగుతుంది కాబట్టి ఊహ మరింత తప్పుతుంది. అసలు ఫ్రేములు 60 దాటకుండా ఈ గుణాన్ని ఆన్ చేయకూడదన్నది ఇక మా ఇంటి నియమం. 50 శ్రేణి కార్డుల్లో ఒక్కో అసలు ఫ్రేముకు మూడు నడిమి ఫ్రేములు చేర్చవచ్చు. 4060లో ఒక్కటే. మా 144 తెరకు ఆ ఒక్కటే సరిపోతుంది. మూడు చేరిస్తే అసలువి 35 దగ్గర ఆగిపోవాలి.

ఏప్రిల్ 19, శనివారం

పరీక్ష. తమ్ముడి స్నేహితుడు, ఒడియా అబ్బాయి, ఇంటికి వచ్చాడు. మూడు అమరికలను కాగితం మీద రాసి మడిచాను. ఒకటి మొదటి రోజుది, తీగ తప్ప మిగతావన్నీ పాతవే. రెండోది మారే రిఫ్రెష్ ఉండి ఫ్రేములు ఊగేది. మూడోది ఇప్పటిది. మూలనున్న సంఖ్యను దాచేశాను. ఇద్దరినీ గది బయట ఉంచి అమర్చి, ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, అదే వీధిలో అదే దారిన ఐదేసి నిమిషాలు నడవమన్నాను.

తమ్ముడు మొదటిదాన్ని నిమిషంలో గుర్తుపట్టాడు. "ఇది అదే, తల పట్టేస్తుంది." రెండోదాన్ని, మూడోదాన్ని కదలికలో వేరు చేయలేకపోయాడు, మిణుకుతో మాత్రం వేరు చేశాడు. ఆ అబ్బాయి రెండోదాని దగ్గర కళ్లు చికిలించాడు. మూడోది పెట్టాక కాసేపు ఊరికే నడిచి, "ఏబే ఠిక్ అఛి" అన్నాడు. ఇప్పుడు సరిగ్గా ఉందని.

రెండోదానికీ మూడోదానికీ మధ్య కదలికలో తేడా ఇద్దరికీ తెలియకపోవడం నన్ను ఆలోచనలో పడేసింది. ఐదు రాత్రులు నేను పట్టికలో పట్టుకున్న చిన్న ఎగుడుదిగుళ్లలో కొన్ని కంటికి చేరనివే. మారే రిఫ్రెష్ ఒక్కటే వాటిలో ఎక్కువ భాగాన్ని మింగేసింది. తర్వాత చేసినదంతా మిణుకు కోసం, చేతికి తెలిసే ఆలస్యం కోసం. మళ్లీ మొదలుపెడితే తీగ, తెర మెనూ ముందు చూసి, పట్టిక తర్వాత తెరుస్తాను.

ఏప్రిల్ 27, ఆదివారం

వారం రోజులుగా అమరికలు కదల్చలేదు. నిన్న డ్రైవర్ కొత్తది వచ్చింది, వేశాక జీ-సింక్ గడిలో టిక్కు ఎగిరిపోయింది. తెర మెనూలో సంఖ్య 144 దగ్గర ఆగిపోయి ఉండటం చూసి కనిపెట్టాను. అన్ని అమరికలనూ ఒక అట్టముక్క మీద రాసి తెర వెనక అతికించాను, తమ్ముడు ఒక్కడే ఉన్నా చూసుకోగలిగేలా.

మిగిలినవి రెండు. ఆట తెరుచుకునేటప్పుడు వచ్చే తెరల్లో ఫ్రేములు ఇప్పటికీ విచ్చలవిడిగా ఊగుతాయి, అక్కడ మిణుకు అలాగే ఉంది. కొన్ని సెకన్లే కాబట్టి వదిలేస్తున్నాను. రెండోది, ఏఎండీ పద్ధతి ఎఫ్ఎస్ఆర్ 3తో నడిమి ఫ్రేములిచ్చే ఆటల్లో రిఫ్లెక్స్ దానంతట అదే ఆన్ కాదు. 138 దగ్గర ఆపేవాళ్లు ఉండరు. అక్కడ తీసేసిన పరిమితిని మళ్లీ పెట్టాల్సి వస్తుంది, వచ్చే నెల చూస్తాను.

ఈ సాయంత్రం తమ్ముడు గంటన్నర ఆడాడు. పక్కన అమ్మ మిషను నడుస్తోంది. మధ్యలో ఆపి, "ఏరా, తల ఎలా ఉంది?" అని అడిగింది. వాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే "ఏం లేదమ్మా" అన్నాడు. అమ్మ దారం తెంపి, తర్వాతి జాకెట్టు అందుకుంది.